చానాప్తైః, చానాప్తేః: ఏది పాఠం?

గౌతమీతీరం:
రెండు రోజులుగా ఒక శ్లోకం సగం గుర్తొచ్చి సగం రాక సతాయిస్తోంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో చేతబడికి జరిమానా చెప్పే చోటు. "అభిచారేషు సర్వేషు కర్తవ్యో ద్విశతో దమః" వరకు నోటికి వస్తుంది. తర్వాత "మూలకర్మణి చానాప్తైః" అని చిన్నప్పుడు విన్నాను. ఇప్పుడు నా దగ్గరున్న పుస్తకంలో "చానాప్తేః" అని ఉంది. ఏది సరైన పాఠం?

పాతతాటాకు:
ప్తైః, సందేహం లేదు. ఆప్తులు కానివాళ్ళ చేత అని. మనుస్మృతికి వ్యాఖ్య రాసిన కుల్లూకుడు తల్లిని, తండ్రిని, భార్యను మినహాయించింది ఈ మాట పట్టుకునే. బయటివాడు డబ్బు గుంజడానికి మూలకర్మ, అంటే వేళ్ళతో వశీకరణం, చేస్తేనే రెండు వందల పణాలు. మీ పుస్తకంలోది అచ్చుతప్పు. మన లిపిలో ప్తై కింద తవత్తు, దాని పక్కనే ఐత్వం తోక. ఆ ఇరుకులో తోక రాలితే ప్తెః మిగులుతుంది. సంస్కృతంలో హ్రస్వ ఎకారం లేదు కదా అని ఎవరో దీర్ఘం ఇచ్చి ఉంటారు.

పదాన్వేషి:
మాస్టారూ, నేను ప్తేః చూసింది నాగరి అచ్చులో. అక్కడ తోక లేదు, పైన ఒక మాత్ర పోవాలి. అసలు తప్పే అని ఎందుకు అనుకోవాలి? అనాప్తి అంటే ఫలం అందకపోవడం. అభిచారంతో మనిషి చస్తే హత్యకు వేసే శిక్షే, చావకపోతేనే ఈ రెండు వందలు అని కుల్లూకుడే అంటాడు. ఆ తర్కం శ్లోకంలోనే ఉందనుకోండి, ప్తేః చక్కగా అతుకుతుంది. ఛందస్సు తేల్చదు, రెండూ గురువులే, పైగా పాదాంతం.

పాతతాటాకు:
కుల్లూకుడు ఆ మాట చెప్పింది అభిచారం గురించి, మూలకర్మ గురించి కాదు. శామశాస్త్రి గారు 1909లో మైసూరులో అచ్చు వేయించిన అర్థశాస్త్రం తీయండి, నాలుగో అధికరణం. కృత్యాభిచారాలతో ఎదుటివాడికి ఏ కీడు తెస్తే అదే కీడు చేసినవాడికి. ఆ వెంటనే, ఇష్టపడని భార్య మీద భర్త, భర్త మీద భార్య వశీకరణం చేసుకోవచ్చని వదిలేస్తాడు. అక్కడి మాట సంవదనం. ఇంటివాళ్ళకు మినహాయింపు పాత సంగతే.

శంభుదాసు:
శాస్త్రం మినహాయించినా ద్రౌపది ఒప్పుకోలేదండీ. అరణ్యపర్వంలో భర్తలను ఎలా వశం చేసుకున్నావని సత్యభామ అడిగినప్పుడు ఆమె జవాబు చూడండి. వ్యాసుడు "మంత్రమూలపరాం స్త్రియమ్" అన్నాడు, అలాంటి భార్యను చూస్తే భర్తకు ఇంట్లో దూరిన పామును చూసినంత భయం అన్నాడు. ఎర్రన "అలయక మంత్రతంత్రవివిధౌషధభంగులఁ జేసి" అని చంపకమాల ఎత్తుకున్నాడు. మూలకర్మలో మూలం అంటే చెట్టు వేరు కదా, దాన్ని ఔషధం చేశాడు. నాకు మాత్రం ప్రాణం ఆ "అలయక" దగ్గరే ఉంది. విసుగన్నది లేకుండా పాటుపడే ఆడవాళ్ళు కళ్ళముందు కదులుతారు. నన్నయ రాసి ఉంటే ఈ మాట పడేది కాదు.

పాతతాటాకు:
నన్నయను ఇందులోకి లాగకండి. "అలయక" అక్కడ యతికీ ప్రాసకీ కుదిరిన మాట.

శంభుదాసు:
ఎర్రన మాటను కుదుర్పు అనడం అన్యాయం. ప్రబంధపరమేశ్వరుడికి మాటలు కరువా?

గౌతమీతీరం:
నా చిక్కు ఇంకా పెరిగింది. మనుస్మృతి పదకొండో అధ్యాయం అథర్వశ్రుతులు బ్రాహ్మణుడికి వాక్శస్త్రం, వాటితో శత్రువులను కొట్టమంటుంది. అదే అధ్యాయం అభిచారాన్నీ మూలకర్మనూ ఉపపాతకాల్లో, అంటే చిన్న పాపాల్లో, వేసింది. సందేహం వస్తే తీర్పు పరిషత్తుది, అంటే పండితుల సభది, పన్నెండో అధ్యాయం ప్రకారం పదిమంది, తక్కువలో తక్కువ ముగ్గురు. అంటే మంత్రం తెలిసినవాళ్ళే మంత్రప్రయోగానికి శిక్ష తేల్చాలి. ఆ పదిమందిలో ఒక నైరుక్తుడికి చోటుంది! మాట అర్థం విప్పేవాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారంటే ఈ ఒక్క అక్షరం మీద వాళ్ళూ తగువులాడుకునే ఉంటారు.

పదాన్వేషి:
ఆ ఉపపాతకాల శ్లోకంలో "అభిచారో మూలకర్మ చ" అని ఊరుకున్నాడు. ఆప్తుల ఊసే లేదు. దోషం అందరికీ ఉన్నప్పుడు జరిమానాలో చుట్టాలకు మినహాయింపు ఎక్కడిది? నా ప్తేః నాదే.

పాతతాటాకు:
పాపం వేరు, దండం వేరు. ఎవరి దగ్గరైనా తాళపత్ర ప్రతి ఉంటే ఆ ఒక్క అక్షరం ఫోటో తీసి పెట్టండి. తవత్తు కింద ఏముందో స్పష్టంగా కనబడాలి.