మిత్రులిద్దరూ కొట్టుకుంటే మధ్యనున్న పెద్ద దేశం చేతిలో నిజంగా ఏముంటుంది?

అమలాపురం_చదువరి:
నమస్కారమండి. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసం కోసం అడుగుతున్నాను. ఒక పెద్ద దేశానికి ఇద్దరు మిత్రులు. ఇద్దరితోనూ ఒప్పందం ఉంది, ఇద్దరికీ ఆయుధాలిచ్చింది. ఆ ఇద్దరే యుద్ధానికి దిగితే దాని పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గైడ్లలో దీన్ని 'ద్వంద్వనీతి' అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. ఆ మాట వల్ల నాకేమీ అర్థం కావడం లేదు. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అని రాసుకున్న కూటమిలో సభ్యుడే సభ్యుడితో తలపడితే ఆ వాక్యం ఏమవుతుంది? ఇద్దరికీ ఆయుధాలు ఆపేస్తే తటస్థంగా ఉన్నట్టేనా? మన దేశం ఇలాంటి చోట ఏం చేసింది? తేదీలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

గౌతమి_గట్టు:
ముందు ఒప్పందం పాఠం తెరవండి. అందులో మూడు సంగతులు వెతకాలి: ఎవరి దాడికి వర్తిస్తుంది, ఏ ప్రాంతంలో వర్తిస్తుంది, వర్తిస్తే ఏం చేసి తీరాలి. మీరడిగిన చిక్కులో సగం అక్కడే విడిపోతుంది.

1949 నాటో ఒప్పందం 5వ అధికరణం అందరూ చెబుతారు గానీ పూర్తిగా చదివేవాళ్లు తక్కువ. దాడి ఐరోపాలోనో ఉత్తర అమెరికాలోనో జరగాలి. 6వ అధికరణం ప్రకారం అట్లాంటిక్‌లోని దీవులైతే కర్కటరేఖకు ఉత్తరాన ఉండాలి. అప్పుడైనా ప్రతి సభ్యదేశం 'తనకు అవసరమని తోచిన చర్య' తీసుకుంటుందనే ఉంది, సైన్యం పంపి తీరాలని లేదు. సభ్యుడు సభ్యుడి మీదికి వెళితే ఏమిటన్న మాట ఎక్కడా లేదు. సభ్యుణ్ని వెలివేసే అధికరణమూ లేదు. పైగా కూటమి నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతో జరగాలి. అంటే దాడి చేసినవాడు కూడా తల ఊపాలి.

ఆగ్నేయాసియా కోసం అమెరికా పెట్టించిన రక్షణ కూటమి సీటో ఇంకా స్పష్టం. 1954 సెప్టెంబరు 8న మనీలాలో పాకిస్తాన్ సంతకం పెట్టింది. అమెరికా అదే ఒప్పందంలో తన వంతుగా ఒక వాక్యం చేర్చుకుంది: తన బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణ వరకే. భారత్‌తో యుద్ధమొస్తే ఆ కాగితం పనికిరాదని మొదటి రోజే రాసిపెట్టి ఉంది.

రెండు ఒప్పందాలు ఒకదానికొకటి అడ్డం పడ్డ సందర్భం కావాలంటే 1982 ఫాక్‌లాండ్స్, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలోని దీవులు. బ్రిటన్ నాటోలో అమెరికాకు మిత్రుడు. అమెరికా ఖండాల దేశాలు పరస్పర రక్షణకు రాసుకున్న 1947 రియో ఒప్పందం కింద అర్జెంటీనా కూడా మిత్రుడే. ఏప్రిల్ 2న అర్జెంటీనా దీవుల్ని పట్టుకుంది. అమెరికా విదేశాంగ మంత్రి హేగ్ నెలరోజులు లండన్‌కీ బ్యూనస్ ఎయిరిస్‌కీ తిరిగాడు. ఆ నెలాఖరులో రియో దేశాల సమావేశం అర్జెంటీనా హక్కును సమర్థిస్తూ 17 ఓట్లతో తీర్మానం చేసింది. ఓటెయ్యకుండా ఉండిపోయిన నలుగురిలో అమెరికా ఒకటి. ఏప్రిల్ 30న బాహాటంగా బ్రిటన్ వైపు చేరింది. దీవులు కర్కటరేఖకు ఎంతో దక్షిణాన ఉన్నాయి కాబట్టి నాటో పాఠం ప్రకారం ఆ సాయం తప్పనిసరి కాదు. ఒప్పందం బలవంతపెట్టని చోట సాయం అందింది, ఒప్పందం ఉన్న చోట అందలేదు. వ్యాసంలో ఇది తప్పక రాయండి.

శివారు_రైతు:
రెండో ప్రశ్నకి నేను చెబుతానండి. ఇద్దరికీ ఒకేలా ఆపడం తటస్థత కాదు. కాలువ కట్టేసిన రోజున ఎగువ చేనుకీ శివారు చేనుకీ ఒకేసారి నీళ్లు ఆగుతాయి. బోరున్నవాడు నెల గడిపేస్తాడు, కాలువే దిక్కయినవాడికి వారంలో నేల నెర్రెలిస్తుంది. ఆయుధాల సంగతీ అంతే. ఎవరికి ఎంత ఆపారన్నది కాదు, ఎవరు ఎంతగా ఆ ఒక్క సరఫరా మీదే బతుకుతున్నారన్నది లెక్కేయాలి.

1965 చూడండి. 1954 నుంచి పాకిస్తాన్‌కు అమెరికా పాటన్ ట్యాంకులు, సేబర్ జెట్లు ఇచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరిలోనే ఐసన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం రాశాడు: ఈ సాయాన్ని దుర్వినియోగం చేసి మరో దేశం మీద దాడికి వాడితే వెంటనే తగిన చర్య తీసుకుంటానని. 1962 చైనా యుద్ధం తర్వాత మనకూ కొంత సాయం వచ్చింది. అంటే ఇద్దరం పుచ్చుకున్నవాళ్లమే. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో ఆ పాటన్లే మన మీదికి వచ్చాయి. సెప్టెంబరు 8న, అంటే సీటో సంతకాలకు సరిగ్గా 11 ఏళ్లకు, అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపింది. మన సైన్యంలో బ్రిటిష్, ఫ్రెంచ్, రష్యన్ సరుకుతో పాటు బెంగళూరులో కట్టిన నాట్ విమానాలూ ఉన్నాయి. పాకిస్తాన్ సైన్యం ముఖ్యంగా అమెరికా సరుకు మీదే నిలబడి ఉంది. ట్యాంకు ఒకసారి కొంటే బేరం తీరిపోదు. గుండ్లు, పట్టీలు, ఇంజిను విడిభాగాలు వస్తూనే ఉండాలి. ఎవరికి ముందు గొంతు ఎండిందో వేరే చెప్పక్కర్లేదు.

దాని ఫలితం: పాకిస్తాన్ చైనా ట్యాంకులు, చైనా విమానాల వైపు తిరిగింది. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసింది సోవియట్ యూనియన్. ఇద్దరికీ డబ్బూ ఆయుధమూ ఇచ్చిన అమెరికా ఆ బల్ల దగ్గర లేదు.

సైప్రస్‌లో ఇది తిరగబడింది. గ్రీసు, టర్కీ రెండూ 1952లో నాటోలో చేరాయి. 1974 జులై 15న గ్రీసు సైనిక పాలకుల ప్రోద్బలంతో సైప్రస్‌లో కుట్ర జరిగింది. జులై 20న టర్కీ దళాలు దిగాయి. రెండు వైపులా అమెరికా పాత డిస్ట్రాయర్లే ఉండేవి. జులై 21న టర్కీ విమానాలు తమ సొంత కొజాతెపె నౌకనే గ్రీకు నౌక అనుకుని ముంచేశాయి. ఒకే దుకాణం సరుకు ఇద్దరి దగ్గరా ఉంటే యుద్ధంలో ఇలాంటి ప్రమాదం కూడా ఉంటుంది.

తర్వాత అమెరికన్ కాంగ్రెస్ టర్కీకి ఆయుధాలు ఆపించింది, 1975 ఫిబ్రవరి 5 నుంచి. టర్కీ లొంగలేదు. ఆ జులైలో తన గడ్డ మీదున్న అమెరికా స్థావరాల పని ఆపించి స్వాధీనం చేసుకుంది. వాటిలో సోవియట్ క్షిపణి పరీక్షలను గమనించే కేంద్రాలూ ఉన్నాయి. 1978లో ఆంక్ష ఎత్తేశారు. సైప్రస్‌లో దిగిన సైన్యం మాత్రం కదల్లేదు. అసెల్సాన్ అనే టర్కీ సొంత రక్షణ సంస్థ పుట్టింది 1975లోనే. అటు గ్రీసు కూడా కూటమి తనను కాపాడలేదని అలిగి 1974 ఆగస్టులో నాటో సైనిక వ్యవస్థ నుంచి తప్పుకుని 1980 అక్టోబరులో గానీ తిరిగి రాలేదు. రెండు వైపులా నష్టపోయింది అమెరికానే.

అమలాపురం_చదువరి:
చాలా ఉపయోగమండి. మరి ఇద్దర్నీ దువ్వడం మానేసి, మొదట్లోనే ఒకర్ని వదులుకుంటే? అలా చేసినవాళ్లున్నారా?

వశిష్ఠ_రేవు:
ఉన్నారు. సోవియట్ యూనియన్, 1977, ఒగాడెన్ (ఇథియోపియాలో ఉన్నా సోమాలియా తనదనే ప్రాంతం). సోమాలియాతో 1974 జులైలో మైత్రీ ఒప్పందం. సోమాలియా రేవు బెర్బెరాలో నౌకాదళ సౌకర్యాలు. సోమాలీ సైన్యం నిండా సోవియట్ ట్యాంకులు, మిగ్‌లు. ఇథియోపియా అప్పటిదాకా అమెరికా మిత్రుడు. విప్లవం తర్వాత అక్కడి పాలకుడు మెంగిస్తు మాస్కో వైపు తిరిగాడు. 1977 మార్చిలో కాస్ట్రో ఏడెన్‌లో ఇద్దరు నేతల్నీ కూర్చోబెట్టి సమాఖ్యగా కలవమన్నాడు. కుదరలేదు. జులైలో సోమాలియా దండెత్తింది.

మాస్కో లెక్క సూటిగా ఉంది. ఇథియోపియా పెద్దది, జనం ఎక్కువ, పైగా దాడికి గురైంది. సోమాలియాకు సరఫరా ఆగింది. నవంబరు 13న సోమాలియా సోవియట్ సలహాదారుల్ని వెళ్లగొట్టి బెర్బెరాను మూసేసింది. మాస్కో విమానాల్లో ఆయుధాలు ఇథియోపియాకు చేరేశారు, దాదాపు 15 వేలమంది క్యూబా సైనికులు దిగారు. 1978 మార్చి 5న జిజిగా తిరిగి ఇథియోపియా చేతికొచ్చింది. 9న సోమాలియా వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటించింది. సైనికంగా ఇది గెలుపే. కానీ 1980లో అదే బెర్బెరాను వాడుకునేందుకు అమెరికా ఒప్పందం రాసుకుంది. ఇద్దరు పోషకులూ మిత్రుల్ని మార్చుకున్నారు.

ఎటూ తేల్చకుండా సాగదీస్తే ఏమవుతుందో ఆర్మేనియా చూపించింది. రష్యా నడిపే సీఎస్‌టీఓ అనే రక్షణ కూటమిలో అది సభ్యురాలు, అంటే రష్యా దానికి ఒప్పంద మిత్రుడు. అజర్‌బైజాన్‌కూ ఆయుధాలు అమ్మింది. 2020లో 44 రోజుల యుద్ధం కరాబాఖ్‌లో, అది ఆర్మేనియా భూభాగం కాదు కాబట్టి ఒప్పందం వర్తించదని రష్యా అంది. పాఠం ప్రకారం అది సరైన మాటే. 2022 సెప్టెంబరులో దాడి ఆర్మేనియా గడ్డ మీదే జరిగింది. ఆ సాకు లేదు. అప్పుడు కూటమి పంపింది పరిశీలకులనే. 2024 ఫిబ్రవరిలో ఆర్మేనియా ఆ కూటమిలో తన పాత్రను స్తంభింపజేసినట్టు చెప్పింది. ఆలోగానే మన దగ్గర పినాక రాకెట్ వ్యవస్థలు కొన్నది. శివారు_రైతు గారు చెప్పిన కాలువ లెక్కే మళ్లీ: నీళ్లు రానివాడు బోరు వేయించుకుంటాడు.

చందుర్తి_దారి:
పరాయి దేశాల ఉదాహరణలే రాయనవసరం లేదండి. మన నేల మీదే ఉంది, పరీక్షలో ఎవరూ రాయరు. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను తన ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. రాజమహేంద్రి, ఏలూరు, చికాకోలు, ముస్తఫానగర్. విజయనగరం, బొబ్బిలి రెండూ చికాకోలు సర్కారులో శిస్తు కట్టవలసిన సంస్థానాలే. వాటి మధ్య సరిహద్దు, నీటి తగాదాలు. బుస్సీకి శిస్తు వసూలు కావాలి, అందుకు విజయనగరం రాజు విజయరామరాజు కావాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. కోట పోయింది, కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజూ పోయాడు. ఒక మిత్రుణ్ని నాశనం చేయించిన రెండో మిత్రుడు కూడా బుస్సీకి దక్కలేదు.

తర్వాతి వాడు ఆనంద గజపతి. 1758లో విశాఖపట్నం ఫ్రెంచివారి నుంచి లాక్కుని ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవు కల్నల్ ఫోర్డ్‌తో 500 మంది ఐరోపా సైనికుల్ని, 2,000 మంది సిపాయిల్ని పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఓడారు. అక్కడా తిరకాసు వచ్చింది: గజపతి ఇస్తానన్న సొమ్ము చేతికి రాక ఫోర్డ్ వారాల తరబడి ముందుకు కదల్లేకపోయాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఫ్రెంచివారికి సాయంగా వచ్చిన సలాబత్ జంగ్ మే 14న ఇంగ్లీషువారితో సంతకం పెట్టాడు. ఈ కథలో పోషకుడి దగ్గర ఫిరంగి ఉంది, కింది వాడి దగ్గర శిస్తు ఉంది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో తేల్చుకుని మరీ చదవాలి.

కాకినాడ_రేవు:
మూడో ప్రశ్న మిగిలిపోయింది. భారత్ ఏ సైనిక కూటమిలోనూ లేదు కాబట్టి 5వ అధికరణం లాంటి ముడి మనకు లేదు. చిక్కు సామాను దగ్గర వస్తుంది.

మన నౌకాదళం రష్యాలో కట్టించుకున్న తల్వార్ తరగతి యుద్ధనౌకలకు గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికోలాయివ్‌లో తయారయ్యేవి. 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకున్నాక ఉక్రెయిన్ రష్యాకు ఇంజిన్లు ఇవ్వనంది. కలినిన్‌గ్రాడ్ రేవులో నౌకల చట్రాలు ఇంజిన్లు లేకుండా ఉండిపోయాయి. మనం చేసిన పని: ఇంజిన్లు మనమే ఉక్రెయిన్ దగ్గర కొని, రష్యా రేవుకు చేర్చి బిగించుకున్నాం. తుశిల్ 2024 డిసెంబరు 9న, తమల్ 2025 జులై 1న నౌకాదళంలో చేరాయి. యుద్ధం సాగుతుండగానే ఒకే ఓడలో ఇద్దరి పనీ ఉంది. ఐక్యరాజ్యసమితిలో 2022 మార్చి 2న రష్యా మీద తీర్మానానికి 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం. ఓటింగ్‌కు దూరంగా ఉన్న 35లో మనం ఒకరం. దాన్ని పిరికితనమనేవాళ్లు ఆ ఇంజిన్ల సంగతీ, అప్పుడు ఉక్రెయిన్ నుంచి తీసుకురావలసిన 20 వేలకు పైగా మనవాళ్ల సంగతీ కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. వారిలో మన తెలుగు వైద్య విద్యార్థులు చాలామంది.

కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలకు ఇంకో ఉదాహరణ దగ్గరగా తగులుతుంది. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌ను వెలివేశాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు మూసేశారు. దోహా నుంచి దుబాయికి నేరుగా విమానాలు ఆగిపోయాయి. అమెరికా స్థితి చూడండి: దాని సైనిక స్థావరం అల్ ఉదెయిద్ ఖతార్‌లో, అధ్యక్షుడి మాట సౌదీ వైపు, జూన్ 14న అదే ఖతార్‌తో రక్షణ శాఖ 1,200 కోట్ల డాలర్ల ఎఫ్-15 ఒప్పందం. మనం దాన్ని గల్ఫ్ దేశాల లోపలి వ్యవహారమని చెప్పి ఊరుకున్నాం. మనవాళ్ల కోసం విమానాలు నడిపాం, ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాస్ ఒప్పందాన్ని కొనసాగించాం. 2021 జనవరి 5న అల్ ఉలాలో వాళ్లే రాజీపడ్డారు.

దూరంగా ఉన్నంత మాత్రాన ఖర్చు ఉండదనుకోకండి. రష్యా చమురు కొంటున్నామని అమెరికా వేసిన అదనపు 25 శాతంతో 2025 ఆగస్టు 27న మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది.

గౌతమి_గట్టు:
చివరగా ఒక్కటి, చదువరి గారూ. సైప్రస్ గురించి రాస్తే 1974తో మొదలుపెట్టకండి. 1960 హామీ ఒప్పందం 4వ అధికరణం బ్రిటన్, గ్రీసు, టర్కీలకు విడివిడిగా చర్య తీసుకునే హక్కు ఇచ్చింది. టర్కీ చూపించింది ఆ కాగితాన్నే. ఆ తర్వాత 1964 జూన్ 5న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ టర్కీ ప్రధాని ఇనోనూకు రాసిన ఉత్తరం పెట్టండి: అమెరికా ఇచ్చిన ఆయుధాలు సైప్రస్‌లో వాడటానికి ఒప్పుకోం, దానివల్ల సోవియట్లు మీ మీదికొస్తే నాటో కాపాడాలో వద్దో ఇంకా ఆలోచించలేదు అని. ఇనోనూ ఆగాడు. పదేళ్ల తర్వాత ప్రధాని ఎచెవిత్ ఆగలేదు. ఈ రెండింటి మధ్య ఏం మారిందన్నదే మీ వ్యాసంలో మొదటి పేరా కావాలి.