ఫ్రీబీఎస్‌డీకి సరిపడే డిస్క్ కార్డు ఏది కొనాలి?

కావలి స్టూడియో:
కావలిలో మాది ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోలు దాచడానికి సెకండ్‌హ్యాండ్ సర్వర్ తీసుకుని ఫ్రీబీఎస్‌డీ 14 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. నాలుగు 4 టీబీ డిస్కులున్నాయి. ఫైళ్లు దాచే పద్ధతికి, అంటే ఫైల్ సిస్టమ్‌కి, జెడ్‌ఎఫ్‌ఎస్సే వాడాలని నా పట్టుదల. రాసిన ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (సరిచూసుకునే సంఖ్య) ఉంటుంది, ఏళ్ల తర్వాత తెరిచినా ఫైలు చెడిందో లేదో తెలిసిపోతుంది. చిక్కంతా సర్వర్‌తో వచ్చిన రెయిడ్ కార్డుతోనే. నాలుగు డిస్కుల్నీ కలిపి ఒకే డిస్కుగా చూపిస్తోంది, జెడ్‌ఎఫ్‌ఎస్‌కేమో అవి విడివిడిగా కనబడాలి. నెల్లూరులో షాపులో అడిగితే, "విండోస్ డ్రైవర్ ఉంది సార్, ఏ కార్డయినా పనిచేస్తుంది" అన్నారు. నాది విండోస్ కాదు కదా! ఏది కొంటే నమ్మకంగా ఉంటుంది? ఒకరి అప్పగింతల వీడియో పోతే మళ్లీ తీయలేం. అదే నా టెన్షన్.

ఒంగోలు అడ్మిన్:
అన్నా, కార్డు పేరు చూడొద్దు, లోపలి చిప్ చూడండి. ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, ఐబీఎం ఎం1015, డెల్ హెచ్310 పేర్లు వేరైనా మూడింట్లోనూ ఉన్నది ఎస్ఏఎస్ 2008 చిప్పే. దానికి ఫ్రీబీఎస్‌డీలో ఎంపీఎస్ డ్రైవర్ ముందే ఉంది, విడిగా ఏమీ ఎక్కించక్కర్లేదు. ప్రతి రిలీజ్‌కీ హార్డ్‌వేర్ నోట్స్ అని ఒక పేజీ ఇస్తారు. కొనేముందు చిప్ పేరు అందులో వెతకండి.

ఇంకో ముఖ్యమైన మాట. కార్డులో ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉండాలి, అంటే రెయిడ్ చేయకుండా డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే లోపలి ప్రోగ్రామ్. అప్పుడే డిస్కులు నేరుగా జెడ్‌ఎఫ్‌ఎస్ చేతికొస్తాయి. రేపు కార్డు పోయినా, డిస్కులు వేరే మెషిన్‌కి తగిలించి పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కులన్నీ కలిపి కట్టే నిల్వ) ఇంపోర్ట్ చేసుకోవచ్చు. రెయిడ్ కార్డయితే మళ్లీ అలాంటిదే వెతుక్కోవాలి. పాత కార్డు మీద ఇప్పటికే ఏమైనా వీడియోలు ఎక్కించి ఉంటే, దాన్ని పీకేముందే బయటికి కాపీ చేసుకోండి.

నెల్లూరు నుంచి:
పై మాటే నాదీ. సెకండ్‌హ్యాండ్‌కి చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడగండి, ఐటీ మోడ్ వేసి ఉందా అని ముందే ఖాయం చేసుకోండి. కేబుల్ దగ్గర జాగ్రత్త. ఒక పక్క వెడల్పు ప్లగ్, రెండో పక్క నాలుగు సాటా ప్లగ్‌లు ఉండే ఫార్వర్డ్ బ్రేకవుట్ కావాలి. రివర్స్‌ది కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, దానితో డిస్కులు కనబడవు.

ఈ కార్డులు సర్వర్ ఫ్యాన్ల గాలికి తయారైనవి. మామూలు కేబినెట్‌లో పెడితే మన రోహిణి కార్తె ఎండలకి హీట్‌సింక్ మీద వేలు ఆనదు. దాని మీదికే ఊదేలా చిన్న ఫ్యాన్ బిగించండి.

నాలుగు డిస్కులకి జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనే ఉండే రెయిడ్‌జెడ్2 అమరిక వేయండి. సుమారు 8 టీబీ చేతికొస్తుంది, ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది.

కావలి స్టూడియో:
9211-8ఐ దొరికింది అన్నా. బూట్ మెసేజ్‌ల్లో ఎంపీఎస్0, ఫర్మ్‌వేర్ 20.00.07.00 అని వచ్చింది. కింద డీఏ0 నుంచి డీఏ3 దాకా నాలుగు డిస్కులూ విడివిడిగా ఉన్నాయి! ఫ్యాన్ బిగించాను, రెయిడ్‌జెడ్2 పూల్ కట్టాను. వీడియోలు ఎక్కుతున్నాయి. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి చెక్‌సమ్‌లతో సరిచూడటం) పెడితే చాలా, ఇంకా తరచుగా పెట్టాలా?

ఒంగోలు అడ్మిన్:
నెలకోసారి చాలు అన్నా. రాత్రిపూట పెట్టండి, పగలు ఎడిటింగ్‌కి అడ్డు రాదు. వేరే చోట ఇంకో కాపీ మాత్రం ఉంచండి, రెయిడ్‌జెడ్2 బ్యాకప్ కాదు.