న్యూబరో వారెన్ ఇసుక దిబ్బలను కాపాడడానికి తవ్వడం ఎందుకు?

ప్రశ్న:
వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపపు దక్షిణ తీరంలో ఉన్న న్యూబరో వారెన్ ఇసుక దిబ్బలను 1955లో జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అంతకుముందు అక్కడ గడ్డి కోసేవారనీ, కుందేళ్లను పట్టేవారనీ చదివాను. ఇప్పుడేమో గుర్రాలను మేపుతున్నారు, కొన్ని చోట్ల యంత్రాలతో దిబ్బలను తవ్వారు కూడా. మనిషి చెయ్యి పడనివ్వకపోవడమే రక్షణ అనుకునే నాకు ఇది వింతగా ఉంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ముందుగా ఆ నేల తీరును చూడాలి. నైరుతి గాలి ఒడ్డున ఉన్న ఇసుకను లోపలికి తోస్తుంది. ఆ ఇసుకను మారమ్ గడ్డి పట్టి నిలుపుతుంది, పైన ఎంత ఇసుక పడితే అంత ఎత్తుకు తానూ పెరుగుతుంది. గాలి ఇసుకను తవ్వుకుంటూ పోయి, భూగర్భజలం వల్ల తడిసిన పొర తగిలిన చోట ఆగిపోతుంది. దిబ్బల నడుమ ఉండే పల్లాలు అలా పుట్టినవే. చలికాలంలో వాటిలో నీరు నిలుస్తుంది, వేసవిలో ఆర్కిడ్లు పూస్తాయి. నా దృష్టిలో దిబ్బల కంటే ఈ పల్లాలే విలువైనవి. అయితే కొత్త పల్లం ఏర్పడాలంటే ఇసుక కదులుతూనే ఉండాలి.

రెండవ సమాధానం:
పై సమాధానానికి చరిత్రను జోడిస్తాను. 14వ శతాబ్దిలో వచ్చిన తుపానుల వల్ల అక్కడ చాలా సాగుభూమి ఇసుక కింద పడింది. అందుకే మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో మారమ్ గడ్డిని పెరకకుండా కట్టడి చేశారు. ఆ తరువాతి కాలంలో అదే గడ్డితో చాపలు, తాళ్లు, గడ్డివాములపై కప్పే పరుపులు అల్లడం ఊరివారికి జీవనాధారమై, 20వ శతాబ్ది తొలి దశాబ్దాల వరకు సాగింది. ఇక వారెన్ అనే మాటకే కుందేళ్లను పెంచే నేల అని అర్థం. మాంసానికీ చర్మానికీ పెంచిన ఆ కుందేళ్లు గడ్డిని కొరికి పొట్టిగా ఉంచేవి, బొరియలు తవ్వి ఇసుకను వదులు చేసేవి. 1953లో బ్రిటన్‌కు చేరిన మిక్సోమటోసిస్ అనే అంటురోగం వాటిని దాదాపు తుడిచిపెట్టింది. అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించేనాటికే దానిని అలా ఉంచిన జీవి అక్కడ లేకుండా పోయింది! తరువాతి దశాబ్దాలలో గడ్డీ పొదలూ అల్లుకుని, ఖాళీ ఇసుక చాలావరకు కనుమరుగైంది. గుర్రాలు ఇప్పుడు చేస్తున్నది ఆ కుందేళ్ల పనే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఆనాడు ఇసుకను కట్టడి చేయడమూ, నేడు దానిని వదిలిపెట్టడమూ ఒకదానికొకటి విరుద్ధం కావా?

రెండవ సమాధానం రాసినవారు:
విరుద్ధమే. ఆనాడు కాపాడుకున్నది పొలాలను; నేడు కాపాడుతున్నది పెటల్‌వర్ట్ వంటి, తడి ఇసుక మీద పోటీ లేని చోట మాత్రమే బతికే చిన్న మొక్కలను. అందుకే సముద్రం వైపు దిబ్బలకు గండ్లు కొట్టి గాలికి దారి ఇచ్చారు.

మూడవ సమాధానం:
పైన్ తోట సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. 1940ల చివరినుంచి ఇసుకను ఆపడానికీ కలపకూ దిబ్బలలో పెద్ద భాగం మీద ఆ చెట్లను నాటారు. అవి నేలలోని నీటిని పీల్చి పల్లాలను ఎండబెడతాయన్న వాదన ఉంది. కాని బ్రిటన్‌లో అరుదైన ఎర్ర ఉడుతలు ఇప్పుడు అదే తోటలో ఉంటున్నాయి, కనుక చెట్లన్నీ నరికేయాలనే వారితో నేను ఏకీభవించను.