అంతర్జాతీయ రగ్బీ జట్టు ఎంపికలో ఒడ్డూపొడుగూ ఎంతవరకు ముఖ్యం?

ప్రశ్న: కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా మేనల్లుడికి 16 ఏళ్లు. మా అక్కావాళ్లు ఆక్లాండ్‌లో స్థిరపడి తొమ్మిదేళ్లయింది, వాడు అక్కడి బడి జట్టులో వింగ్ స్థానంలో, అంటే మైదానం అంచున పరుగెత్తే చోట, రగ్బీ ఆడుతున్నాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు. పరుగులో గాని, బంతిని అందుకోవడంలో గాని వాడికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా ఈ ఏడాది ఎంపికల్లో, పైస్థాయి ఆటకు నీ ఒడ్డూపొడుగూ చాలదని చెప్పి వాణ్ని రెండో జట్టులో వేశారు. ఆ రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, నేను ఇంక పెరగకపోతే ఎలా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

చదువుకునే రోజుల్లో నేను జిల్లా స్థాయి వరకు కబడ్డీ ఆడాను. కబడ్డీలో ఆటగాణ్ని తూకం వేసి మరీ బరిలోకి దింపుతారు కాబట్టి, 60 కిలోల కుర్రాడి మీదికి 120 కిలోల మనిషి వచ్చి పడే ప్రసక్తి ఉండదు. రగ్బీలో అలాంటి హద్దు లేదు. దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ జట్లు జాతీయ గీతానికి వరుసగా నిలబడినప్పుడు చూస్తే, కొండల్లాంటి మనుషుల మధ్య వాళ్ల భుజాల దాకా కూడా రాని ఆటగాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్లను ఏదో మినహాయింపుగా తీసుకున్నారా, లేక వాళ్లు ఆడే స్థానాలకు ఆ కొలతలు సరిపోతాయా? జాతీయ జట్టును ఎంచేవారు ఈ విషయాన్ని నిజంగా ఎలా తూచి చూస్తారో తెలిసినవారు చెప్పగలరు. పిల్లవాడికి లేనిపోని ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

జవాబు: రెండో నంబరు చొక్కా (క్రైస్ట్‌చర్చ్)

అన్నగారూ, జట్టులోని 15 మంది చేసే పని ఒకటి కాదు గనుక మీ ప్రశ్నకు జవాబు కూడా ఒకటి కాదు. ఒకటి నుంచి ఎనిమిది వరకు నంబర్లు వేసుకున్నవారు ఫార్వర్డ్‌లు, తొమ్మిది నుంచి పదిహేను వరకు వేసుకున్నవారు బ్యాక్‌లు. ఫార్వర్డ్‌లలో మొదటి అయిదుగురికి, అంటే ముందు వరుసలోని ఇద్దరు ప్రాప్‌లు, వారి మధ్య ఉండే ఒక హుకర్, వారి వెనుక ఉండే ఇద్దరు లాక్‌లకు, శరీరమే పనిముట్టు. అక్కడ ఒడ్డూపొడుగూ లేకుండా దేశం తరఫున ఆడాలనుకోవడం, కాడిని మోయలేని గిత్తను అరకకు కట్టడం వంటిది.

నేను ఇక్కడి ఒక చిన్న క్లబ్బులో ఆరేళ్లు హుకర్‌గా ఆడాను. స్క్రమ్, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం తలలు వంచి ఎదురెదురుగా నెట్టుకోవడం, ఎలా ఉంటుందో టీవీలో తెలియదు. రెండు పక్కల ఇద్దరు ప్రాప్‌ల భుజాల మీద చేతులు వేసి, తల వంచి, ఎదుటి ముగ్గురి తలల మధ్య మన తల దూర్చాలి. అప్పుడు చెవులకు అవతలి వాళ్ల ఊపిరి తప్ప మరేమీ వినిపించదు. రెఫరీ కేక వేసిన మరుక్షణం, వెనుక ఉన్న అయిదుగురి బలం నడుము మీదుగా వచ్చి మెడలో దిగుతుంది. నేను 92 కిలోలు ఉండేవాణ్ని. అవతల 110 కిలోల హుకర్ వచ్చిన రోజున అన్నం ముద్ద మింగినా మెడ నొప్పి పెట్టేది. అంతర్జాతీయ స్థాయిలో ఒక్కో పక్క ఎనిమిది మంది కలిసి 900 కిలోలకు దగ్గరగా తూగుతారు. ఫ్రాన్స్ ప్రాప్ ఊయినీ అటోనియో, ఆస్ట్రేలియా లాక్ విల్ స్కెల్టన్ వంటివారు ఒక్కొక్కరే 140 కిలోలు దాటినవారు. స్కెల్టన్ ఎత్తు రెండు మీటర్ల పైమాటే. లైనౌట్‌లో, అంటే అంచు దాటిపోయిన బంతిని తిరిగి లోపలికి విసిరినప్పుడు, పక్కవారు ఎత్తి పట్టుకోగా గాలిలో బంతిని అందుకోవలసింది ప్రధానంగా లాక్‌లే కాబట్టి, ఆ స్థానానికి ఎంచేటప్పుడు మొదట చూసేది ఎత్తే.

అయితే మీవాడు ఆడేది వింగ్. అక్కడ లెక్క వేరు. స్క్రమ్‌హాఫ్ స్థానమైతే ఇంకా వేరు. నేలమీది బంతిని వంగి తీసి, క్షణం ఆలస్యం కాకుండా అందించవలసినవాడికి పొడుగు కాళ్లు అడ్డమే అవుతాయి గాని సాయం చేయవు. న్యూజిలాండ్ తరఫున 125 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు) ఆడిన ఏరన్ స్మిత్, ఆస్ట్రేలియా తరఫున 139 టెస్టులు ఆడిన జార్జ్ గ్రెగన్ ఇద్దరూ 5 అడుగుల 8 అంగుళాలకు అటూ ఇటూ ఉన్నవారే. 1994లో సిడ్నీలో జరిగిన మ్యాచ్ చివరి నిమిషాల్లో న్యూజిలాండ్ వింగర్ జెఫ్ విల్సన్ ట్రై గీత (బంతిని దాని అవతల నేలకు ఆనిస్తే ట్రై, అంటే పాయింట్లు) మీదికి దూకుతున్నప్పుడు, పక్కనుంచి పరుగెత్తుకొచ్చి అతని చేతిలోని బంతి ఎగిరిపోయేలా గుద్ది, ఆస్ట్రేలియాకు 20-16తో గెలుపు నిలబెట్టినది ఈ గ్రెగనే. అప్పటికి అతను అంతర్జాతీయ ఆటలోకి వచ్చి కొన్ని నెలలే.

జవాబు: బల్లపర్వతం (కేప్‌టౌన్)

వింగర్ల మాట వచ్చింది కాబట్టి ఈ ఊరి కథ చెప్పకుండా ఉండలేను. చెస్లిన్ కోల్బీ 5 అడుగుల 7 అంగుళాల మనిషి, బరువు 80 కిలోలకు లోపే. ఇక్కడి ప్రాంతీయ జట్టుకు ఏళ్ల తరబడి ఆడాడు, 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) జట్టుతో కాంస్యం గెలిచాడు. అయినా 15 మంది ఆడే జాతీయ జట్టు తలుపు మాత్రం అతనికి తెరుచుకోలేదు. భారీ శరీరాలను నమ్ముకున్న ఆట మాది. ఇంత చిన్నవాణ్ని వింగ్‌లో పెడితే అవతలివారు పైనుంచి బంతులు తన్ని అతని మీదే పడతారన్న భయం ఎంచేవారిలో బలంగా ఉండేది. చివరికి అతను 2017లో ఫ్రాన్స్ వెళ్లి టులూజ్ క్లబ్బుకు ఆడాడు. అక్కడ అతని ఆట చూసి అందరి కళ్లూ తెరుచుకున్నాక, రాసీ ఎరాస్మస్ కోచ్‌గా వచ్చిన 2018లో గాని అతనికి పిలుపు రాలేదు. అప్పటికి అతనికి 24 ఏళ్లు నిండాయి. పోగొట్టుకున్న ఆ రెండు మూడేళ్లు ఎంచేవారి తప్పిదమేనని నా గట్టి అభిప్రాయం.

2019 నవంబరు 2న యొకొహామాలో ఇంగ్లండ్‌తో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ నేను ఇక్కడి వీధిలో కట్టిన తెర మీద చూశాను. 74వ నిమిషంలో కుడి అంచున బంతి కోల్బీ చేతికి వచ్చింది. ఎదురుగా ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్, అతనికంటే చాలా పెద్దవాడు. కోల్బీ వేగం తగ్గించినట్టే తగ్గించి, గీత వైపు పోతున్నట్టు భుజం వంచి, మరుక్షణం ఎడమకు కోసుకుంటూ లోపలికి వచ్చేశాడు. ఫారెల్ చేతులు గాలిని పట్టుకున్నాయి. నా పక్కన నిలబడిన ఒక పెద్దావిడ, కోల్బీ పెరిగిన క్రైఫోంటైన్ పేటకు చెందినవారట, రెండు చేతులతో నోరు మూసుకుని అలాగే ఏడ్చేశారు. మ్యాచ్ 32-12తో మాదయింది.

కృష్ణాతీరం గారూ, మీ మేనల్లుడికి ఇంకొకటి కూడా చెప్పండి. 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు తొమా రామోస్ ట్రై తరువాత కొట్టే కన్వర్షన్ కిక్కు కోసం అడుగు కదపగానే, ట్రై గీత నుంచి బాణంలా దూసుకొచ్చి ఆ బంతిని చేత్తో కొట్టి ఆపినది కూడా కోల్బీయే. ఆ కిక్కుకు రెండు పాయింట్లు. మేము గెలిచింది 29-28తో, ఒక్క పాయింటు తేడాతో.

జవాబు: వర్షం ఊరు (కార్డిఫ్)

పై ఇద్దరి మాటలూ నిజమే గాని, పిల్లవాడికి సగం నిజం చేరుతుందేమోనని ఇది రాస్తున్నాను. ఎంచేవారికి ఒకే స్థాయి ఆట ఉన్న ఇద్దరు కనిపిస్తే, నూటికి తొంభైసార్లు పెద్దవాణ్నే తీసుకుంటారు. చిన్నవాడు సమానంగా ఉంటే చాలదు, ఒక మెట్టు పైన ఉండాలి. ఇది న్యాయం కాదు, కాని ఉన్న పరిస్థితి ఇదే.

మా వేల్స్ వింగర్ షేన్ విలియమ్స్ కూడా 5 అడుగుల 7 అంగుళాలవాడే. 2003 ప్రపంచకప్‌కు అతన్ని తీసుకువెళ్లింది వింగర్‌గా కాదు, లెక్కకు మూడో స్క్రమ్‌హాఫ్‌గా. గ్రూపు చివరి మ్యాచ్‌లో న్యూజిలాండ్ మీద అవకాశం ఇస్తే, జట్టు ఓడినా అతని ఆట చూసినవారు మరచిపోలేదు. 2008లో ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యాడు, వేల్స్ తరఫున 58 ట్రైలు చేసి రికార్డు నెలకొల్పాడు. ఇంతటివాడు కూడా పక్క తలుపు నుంచి లోపలికి రావలసి వచ్చిందంటే, ఎంపికలో ఒడ్డూపొడుగూ ఎంత బరువుగా తూగుతుందో ఆలోచించండి.

పైగా 1995లో ఆట వృత్తిగా మారినప్పటి నుంచి, రోజంతా వ్యాయామశాలలో గడిపే వీలు దొరికి, ఆటగాళ్లందరి శరీరాలూ పెరిగాయి. న్యూజిలాండ్‌తో జరిగిన 2023 ప్రపంచకప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా బెంచ్ మీద ఎనిమిది మందిలో ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒక్కడే బ్యాక్. మొదటి గంటలో ఎదుటివారిని అలసగొట్టి, ఆ తరువాత తాజా బరువును దించడం వారి పన్నాగం. దాని ముందు చిన్న శరీరాలకు చోటెక్కడిది?

జవాబు: రెండో నంబరు చొక్కా (క్రైస్ట్‌చర్చ్)

కార్డిఫ్ మిత్రమా, మీరు చెప్పిన ఆ ఫైనల్‌నే మరొక వైపు నుంచి చూడండి. ఆట మొదలైన కొన్ని నిమిషాలకే దక్షిణాఫ్రికా హుకర్ బోంగి ఎంబొనాంబి మోకాలు దెబ్బతిని బయటికి వెళ్లాడు. మిగిలిన ఆటంతా ఆ స్థానంలో ఆడినది 37 ఏళ్ల డియోన్ ఫోరీ. అతను ప్రధానంగా ఫ్లాంకర్, అంటే స్క్రమ్‌కు పక్కన ఉండే ఫార్వర్డ్, ఆ జట్టు ఫార్వర్డ్‌లలో పొట్టివారిలో ఒకడు. లైనౌట్‌లో కష్టపడ్డారు, అయినా 12-11తో గెలిచారు. బెంచ్ మీద ఉన్న క్వాగా స్మిత్ కూడా భారీ మనిషి కాడు. నేల మీద పడినవాడి చేతిలోంచి బంతిని లాక్కోవడమే అతని విద్య. ఆ పనికి తక్కువ ఎత్తు మేలు చేస్తుంది, ఎందుకంటే అందరికంటే ముందుగా వంగినవాడిని కదిలించడం కష్టం. ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) తలకు తగిలితే కార్డు చూపించే నిబంధనలు ఇప్పుడు గట్టిపడటం వల్ల, నిటారుగా నిలబడి ఢీకొనే పొడుగువారికి మునుపు లేని చిక్కు కూడా వచ్చి పడింది. అదే ఫైనల్‌లో మా కెప్టెన్ సామ్ కేన్ పసుపు కార్డుతో బయటికి నడవగా, తరువాత అది ఎర్ర కార్డుగా మారిన దృశ్యం నాకు ఇంకా కళ్లలోనే ఉంది.

జోనా లోము సంగతి కూడా చెప్పాలి. 196 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల దాకా బరువు ఉండి వింగ్‌లో మెరుపులా పరుగెత్తిన మనిషి. 1995 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాడు, అడ్డొచ్చిన మైక్ క్యాట్ మీదుగా తొక్కుకుంటూ వెళ్లాడు. ఆరు రోజుల తరువాత జరిగిన ఫైనల్‌లో దక్షిణాఫ్రికా ఆటగాళ్లు అతనికి వేగం అందకముందే ఒకరి వెనుక ఒకరు కాళ్లకు చుట్టుకున్నారు. ఆ రోజు ఒక్క ట్రై కూడా చేయలేకపోయాడు. ఆ మాటకొస్తే, దక్షిణాఫ్రికా మీద జీవితంలో ఎన్నడూ చేయలేదు. మీ కబడ్డీలో చీలమండ పట్టు గుర్తుకు రావడం లేదా, అన్నగారూ?

స్క్రమ్‌లో సైతం బరువు ఒక్కటే చాలదని 2015లో బ్రైటన్‌లో జపాన్ చూపించింది. రెండుసార్లు ప్రపంచకప్ గెలిచిన దక్షిణాఫ్రికాతో చివరి క్షణాల్లో 29-32తో వెనుకబడి ఉండగా పెనాల్టీ దొరికింది. మూడు పాయింట్ల కిక్కు కొడితే మ్యాచ్ సమమయ్యేది. కెప్టెన్ మైకేల్ లీచ్ కిక్కు వద్దని స్క్రమ్ కోరాడు. తమకంటే బరువైన జట్టు ముందు! ఆ జట్టు నెలల తరబడి సాధన చేసింది ఒకటే, ఎదుటివారికంటే కిందికి వంగి ఎనిమిది మందీ ఒకే క్షణంలో నెట్టడం. అక్కడి నుంచి బంతిని మొదట కుడికి, తరువాత ఎడమ అంచుకు తిప్పి ట్రై చేసి 34-32తో గెలిచారు. కాకపోతే జపాన్ కూడా తన మొదటి అయిదుగురిని ఏరేటప్పుడు దొరికినవారిలో దృఢమైనవారినే ఏరుకున్నదన్నది మరవకూడదు.

ఇక మీవాడి సంగతి. 16 ఏళ్లకే ఎముకల లెక్క తేల్చేయడం తొందరపాటు. న్యూజిలాండ్‌లో 85 కిలోల లోపువారికి ప్రత్యేకంగా దేశవ్యాప్త క్లబ్ పోటీ 2020 నుంచి జరుగుతోంది. పెద్దయ్యాక పెరగకపోయినా ఆడటానికి చోటు ఉంది. అంతవరకు పైనుంచి వచ్చే బంతిని పట్టడం, తక్కువ ఎత్తులో ట్యాకిల్ చేయడం, ఈ రెండూ ఎవరూ వేలెత్తి చూపలేనట్టు నేర్చుకోమనండి. చిన్న వింగర్లను పక్కన పెట్టేవారు చెప్పే కారణాలు ఎప్పుడూ ఈ రెండే.

కృష్ణాతీరం (విజయవాడ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. కార్డిఫ్ వారి మాట దాచకుండా చదివాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత చీలమండ పట్టు ఎలా వేస్తారని అడిగాడు. ఫోన్‌ను గోడకు ఆనించి, హాల్లో చాప మీద ఒక మోకాలు మోపి, ముందు చెయ్యి ఎక్కడ పడాలో, రెండో చేత్తో మడమను వెనుకనుంచి ఎలా బిగించాలో, ఎదుటివాడి కళ్లు చూడకుండా నడుమునే ఎందుకు చూస్తూ ఉండాలో చేసి చూపించాను. రగ్బీలో చేతులతో పాటు భుజం కూడా ఆనించాలనీ, తల పక్కకు పెట్టాలనీ వాడు నాకు చెప్పాడు. శనివారం రెండో జట్టుకు మ్యాచ్ ఉందట, మా అక్క వీడియో తీసి పంపుతానంది.