కథలో మెషిన్ పాడవ్వాలి, కానీ రచయితే పాడుచేశాడని అనిపించకూడదు. ఎలా?

సగంకథ:
ఒక పెద్దకథ రాస్తున్నాను. గురుగ్రహం దగ్గరికి చేరిన ఓడలో నలుగురు మనుషులు. మూడో భాగంలో గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసే యంత్రం ఆగిపోతుంది. వెంటనే దాని స్పేర్ కూడా. అదే రోజు రేడియో మూగబోతుంది. చదివిన మా అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఓడ పాడవలేదురా, కథ నడవక నువ్వే పాడుచేశావు." కోపం వచ్చింది గానీ కాదనలేకపోయాను. స్పేర్ ఉండగా ప్రమాదం ఎలా పుట్టించాలి? ఊరికే "అదీ పాడైంది" అని రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

పాతపుస్తకం:
మీ అక్కగారికే నా ఓటు. రేడియో జోలికి అసలు వెళ్లకండి, శుభ్రంగా పనిచెయ్యనివ్వండి. గురుగ్రహం నుంచి మాట భూమికి చేరడానికే సుమారు 33 నుంచి 54 నిమిషాల దాకా పడుతుంది. అడిగి జవాబు వినేసరికి గంట దాటిపోతుంది. ఇంకేం కావాలి?

స్పేర్ సంగతికొస్తే, 1996 జూన్ 4న యూరప్‌వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. దిశ లెక్కగట్టే కంప్యూటర్లు రెండు, ఒకటి పనిలో, ఒకటి స్పేర్‌గా. రెండింట్లోనూ ఒకే ప్రోగ్రాం, అదీ పాత రాకెట్ ఏరియాన్ 4 నుంచి తెచ్చిపెట్టిందే. కొత్త రాకెట్ వేగానికి ఒక అంకె 16 బిట్లలో, అంటే ప్రోగ్రాం దానికి కేటాయించిన చోటులో, పట్టనంత పెద్దదైంది. ముందు స్పేర్ చేతులెత్తేసింది, రెప్పపాటులో అసలుదీ. సుమారు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైపోయింది. తమాషా ఏంటంటే, ఆ లెక్క రాకెట్ నేల విడిచాక అవసరమే లేదు! కవల పిల్లల్లాంటి స్పేర్ పెట్టుకుంటే జబ్బు కూడా ఇద్దరికీ ఒకటే వస్తుంది.

సగంకథ:
బాగుందండీ. కానీ బిట్లు, వోల్టులు రాస్తే చదివేవాళ్లు పేజీలు తిప్పేస్తారు. నాకు కావాల్సింది భయం.

నైట్‌షిఫ్ట్:
భయం కావాలంటే యంత్రాన్ని ఆపకండి. దాని చేత అబద్ధం చెప్పించండి.

నేను కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాను. ఒక రాత్రి ఒక ట్యాంకు లెవెల్ 62 శాతం చూపిస్తోంది. గంటగంటకీ లాగ్‌బుక్‌లో 62, 62, 62 అని రాసుకుంటూ పోయాను. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది, ఇప్పటికీ గుర్తు. తెల్లవారుజామున నాలుగింటికి బయటికెళ్తే బూట్ల కింద చప్పుడు మారింది. నీళ్లు. ట్యాంకు పొర్లిపోతోంది. లోపల నీటిమీద తేలుతూ లెవెల్ చెప్పే ఫ్లోట్ ఇరుక్కుపోయింది. అలారం ఎందుకు మోగలేదంటారా? అలారానికి సిగ్నల్ వెళ్లేదీ ఆ ఫ్లోట్ నుంచే కదా. బతికున్న మీటర్ కొంచెమైనా ఊగుతుంది, 61.8 అనో 62.1 అనో. అది రాత్రంతా కదల్లేదు. నేనేమో ఎంత నిలకడగా ఉందో అని మురిసిపోయాను.

మీ ఓడలోనూ అంతే. సెన్సర్ "అంతా బాగుంది" అంటుంది. నలుగురికీ తలనొప్పి, మగత, చిన్న మాటకే గొడవలు. నిద్ర చాలట్లేదు అనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బుర్ర మందగిస్తుంది కాబట్టి, బాగుచెయ్యాల్సిన మనిషికే ఆలోచన సాగదు. టెన్షన్ అక్కడుంది. బిట్ల గొడవ మీకు తెలిస్తే చాలు.

చంద్రుడి మీదికి బయల్దేరిన అమెరికా ఓడ అపోలో 13 కథ కూడా ఇలాంటిదే. ఆక్సిజన్ ట్యాంకులో హీటర్‌ని ఆపాల్సిన స్విచ్‌లు 28 వోల్టులవి, నేలమీద పరీక్షలో ఇచ్చింది 65. స్విచ్‌లు అతుక్కుపోయాయి, హీటర్ గంటల తరబడి కాలింది, లోపల వైర్ల తొడుగు పాడైంది. అప్పుడు ఎదురుగా మీటర్ లేదా అంటే ఉంది. సుమారు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చూపించే ఏర్పాటే దానికి లేదు. చూసేవాళ్లు 80 అనుకుంటూ కూర్చున్నారు. కొన్ని వారాల తర్వాత, 1970 ఏప్రిల్‌లో, చంద్రుడి దారిలో ఆ ట్యాంకు పేలింది.

పాతపుస్తకం:
ఇ. ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన "ది మెషిన్ స్టాప్స్" కథలోనూ, మనుషుల బతుకంతా నడిపే యంత్రం ఒక్కసారిగా ఆగదు. ముందు సంగీతంలో అపశ్రుతులు, స్నానం నీళ్లలో కంపు. జనం ఫిర్యాదు చేస్తారు, తర్వాత అలవాటు పడిపోతారు. ఆ అలవాటు పడటమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సగంకథ:
రేడియో ప్రమాదం కొట్టేశాను. స్పేర్‌ది కూడా కొట్టేశాను. యంత్రం సగం పనిచేస్తూ ఉంటుంది, సెన్సర్ మాత్రం బాగుందంటుంది. కానీ సెన్సర్ ఎందుకు అబద్ధం చెప్తోంది? మళ్లీ "అది పాడైంది" అనాల్సిందేనా?

నైట్‌షిఫ్ట్:
పాడవ్వక్కర్లేదు. మొదటి భాగంలో ఎవరో మంచికని చేసిన పని చాలు. గోడమీద ఆ అంకె ఊరికే ఊగుతుంటే చిరాకేసి, మీ నలుగురిలో ఒకరు దాన్ని నెలరోజుల సగటు చూపించేలా మార్చారనుకోండి. అంకె చక్కగా నిలబడుతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు.

సగంకథ:
ఆ పని చేసేది నా కథలోని డాక్టరమ్మే. మొదటి భాగంలో ఆవిడ గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని ముల్లు తీయించేస్తుంది. ఎందుకు రాశానో అప్పుడు నాకే తెలీదు. తలనొప్పి మాత్రలు ఇచ్చేదీ ఆవిడే.