మాజులీ ‘సత్ర’, మన ‘సత్రం’ ఒకటేనా?

ప్రశ్న:

ఈమధ్య అస్సాం వెళ్లినప్పుడు జోర్హాట్ దగ్గరి నిమాతి ఘాట్‌లో పడవ ఎక్కి, బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న మాజులీ ద్వీపం చూసి వచ్చాను. అక్కడ ఎవరిని కదిపినా ‘సత్ర’ మాటే. యాత్రికులు బస చేసే చోటేమో అనుకుంటూ వెళ్తే లోపల కీర్తనలు, తెల్లని పంచెల్లో భక్తులు! మన సత్రానికీ దానికీ చుట్టరికం ఉందా? యాత్రా వ్యాసం రాస్తున్నాను. ‘సత్రం’ అనాలా, ‘మఠం’ అనాలా? పైగా వాళ్లు పలుకుతుంటే నా చెవికి ‘ఖొత్రొ’ అని వినిపించింది.

జవాబు:

చుట్టరికమే కాదండీ, రెండూ ఒకే మాట. అమరకోశంలో ‘సత్త్రమాచ్ఛాదనే యజ్ఞే సదాదానే వనేఽపి చ’ అని ఉంది. కప్పుకునేది, యజ్ఞం, నిత్యదానం, అడవి అని నాలుగర్థాలు. మనకు దక్కింది ‘సదాదానం’. అన్నసత్రం, ధర్మసత్రం అన్నీ ఆ కొమ్మకు కాసినవే. తమిళుల ‘చత్తిరం’ కూడా ఇదే.

అస్సామీలు పట్టుకున్నది ‘యజ్ఞం’ వైపు అర్థం. సత్రయాగం ఒక్కరు చేసేది కాదు, ఒక్కనాటితో ముగిసేదీ కాదు. అందులో కూర్చున్న వారందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే. అందువల్ల దక్షిణ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ వేరుగా ఉండరు. భాగవతం మొదట్లోనే శౌనకాది మునులు నైమిశంలో ‘సత్రం స్వర్గాయ లోకాయ సహస్రసమమాసత’. అంటే వెయ్యేళ్ల సత్రానికి కూర్చున్నారు. సూతుడు వారికి భాగవతం చెప్పింది ఆ సభలోనే.

ఇక శంకరదేవుడు (1449–1568) అస్సాంలో నిలిపిన వైష్ణవానికి ఊపిరి భాగవతం. అందులోని పలు స్కంధాలను ఆయన తన భాషలోకి తెచ్చారు. మన పోతన కూడా ఆ శతాబ్దంవాడే అన్నది తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. భాగవతం వినడానికి భక్తులు కూడి కూర్చునే చోటికి ‘సత్ర’ అన్న పేరు ఎంత సహజంగా అమరిందో చూడండి.

మీరు చూసిన ఆవరణను ఒకసారి గుర్తుచేసుకోండి. మధ్యలో పొడవాటి కీర్తన్‌ఘర్, దాన్ని ఆనుకుని పవిత్ర గ్రంథం ఉండే మణికూట్, చుట్టూ భక్తుల గదుల వరుసలు. ఆ వరుసల్ని ‘హాటి’ అంటారు. పెద్దను సత్రాధికార్ అంటారు. ఆసనం మీద విగ్రహానికి బదులు భాగవతాన్ని ఉంచడం శంకరదేవుని మార్గంలో ముఖ్యం. ఔనియాటి సత్ర వంటి చోట్ల గోవిందుని విగ్రహం కూడా ఉంటుంది.

మీ చెవి పొరపడలేదు. అస్సామీలో మాట మొదట్లో వచ్చే శ, ష, స మూడూ గొంతులోంచి రాపిడితో వచ్చే ఒకే ధ్వనిగా మారాయి. మన ఖ, హ రెంటికీ నడుమ ఉంటుంది అది. వాళ్ల రాష్ట్రం పేరు వాళ్ల నోట దాదాపు ‘ఒఖొమ్’. ఖాళీ అయిన ‘స’ స్థానంలోకి చ, ఛ వచ్చి చేరాయి. మనం ‘చాప’, ‘చుట్టం’ అనేటప్పుడు చకారం దంతాల వైపు జరిగి ‘ౘ’ అవుతుంది కదా, అక్కడ అది మరో అడుగు వేసి పూర్తిగా ‘స’ అయిపోయింది.

మరో సభ్యురాలు:

‘మఠం’ అంటే పాఠకులకు ఇట్టే తెలుస్తుంది కదండీ. ‘సత్రం భోజనం, మఠం నిద్ర’ అనే మనవాళ్లు రెంటినీ ఎప్పుడో వేరు చేశారు. మల్కాపురం శాసనంలోనూ (1261) గోళకీ మఠం వేరు, అన్నం పెట్టే సత్రం వేరు.

జవాబు:

మంచి ఆధారం చూపారమ్మా. మన సత్రానికి ఆ అర్థం ఎంత పాతదో దాంతో తేలిపోయింది. అయినా ‘మఠం’ అనడానికి నాకు మనసొప్పడం లేదు. ఆ మాట వినగానే మనకు సన్న్యాసులు, పీఠం గుర్తొస్తాయి. కమలాబారి వంటి సత్రల్లో బ్రహ్మచారులే ఉంటారు, నిజమే. ముఖాలు (అవే, భావొనా నాటకాల్లో రాక్షసులకూ పక్షులకూ తొడిగే మాస్కులు) చేసే సామగురి సత్రలో మాత్రం కుటుంబాలే ఉన్నాయి. సత్ర పూజాస్థలం, పాఠశాల, నాటకశాల అన్నీ కలిసినది. మనకు దగ్గరి పోలిక కావాలంటే నేను కూచిపూడి అగ్రహారం చెబుతాను. అక్కడా మగవారే తరతరాలుగా భాగవతుల పేరుతో ఆడారు, ఇక్కడా భక్తులే ఆడారు. రెండు చోట్లా సూత్రధారుడు రంగం మీదే ఉండి కథ నడుపుతాడు.

అందుకని ‘సత్ర’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ‘అస్సామీ వైష్ణవ భక్తుల నివాస సమాజం’ అని ఒక్క వాక్యం చేర్చండి. 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించిన వారి నృత్యాన్ని మన పత్రికలు ‘సత్రియా’, ‘సట్రియా’ అని తోచినట్టు రాస్తున్నాయి. ‘సట్రియా’ చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది, ఇంగ్లీషు అక్షరాల మీదుగా రావడంతో మన సొంత ‘సత్రం’ మనకే కనిపించకుండా పోయింది. అస్సామీ లిపిలో దీర్ఘం ఉంది. జాతీయ, భారతీయ అన్నట్టే ‘సత్రీయ’ అనండి.

ప్రశ్న అడిగినవారు:

‘సత్రీయ’ అనే రాస్తాను. ఇంకొక్క సందేహం. వాళ్ల ప్రార్థనా మందిరమైన నామ్‌ఘర్‌లో ‘మాహ్ ప్రసాద్’ అని నానబెట్టిన పెసలు, శనగలు, అల్లం, కొబ్బరి కలిపి పెట్టారు. మాహ్ అంటే ఏమిటి?

జవాబు:

సంస్కృత ‘మాష’మే. మన నిఘంటువుల్లో మాషమంటే మినుములు, వాళ్లకు పప్పుధాన్యం ఏదైనా మాహ్. ఇందాక చెప్పిన ధ్వని ఇక్కడ ఇంకా మెత్తబడి ‘హ’ అయింది. ‘బిహు’ను ‘విషువ’ నుంచి తెచ్చే పండితులు చూపేదీ ఈ మార్పునే. మీ వ్యాసంలో ఆ ప్రసాదం గురించి తప్పక రాయండి. శ్రీరామనవమికి వడపప్పు తిన్నవారెవరికైనా అది నోట్లో పడగానే తెలిసిపోతుంది.