అప్‌డేట్: ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీది కొన్నానంటే

ఆసుస్ డ్యూయల్, ఎంఎస్‌ఐ వెంటస్, గిగాబైట్ విండ్‌ఫోర్స్‌లలో ఏ ఆర్‌టీఎక్స్ 4060 తీసుకోవాలని అడిగాను కదా. గిగాబైట్ కొన్నాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చిప్పు మూడింటిలోనూ ఎన్‌విడియాదే, మెమరీ 8 జీబీయే. వేగం లెక్క చూస్తే నవ్వొచ్చింది: ఎన్‌విడియా నిర్ణయించిన బూస్ట్ క్లాక్ (పని ఎక్కువైనప్పుడు చిప్పు అందుకునే వేగం) 2460 మెగాహెర్ట్జ్, గిగాబైట్ వాళ్లు వేగం కాస్త పెంచి అమ్మే విండ్‌ఫోర్స్ ఓసీలో 2475. ఆ 15 కోసం ఎవరైనా అదనంగా డబ్బు పోస్తారా! సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణదారు మాత్రం మూడు ఫ్యాన్ల ఖరీదైన మోడల్ వైపే లాగాడు. 115 వాట్ల కార్డుకు అన్ని ఫ్యాన్లు ఎందుకని అడిగితే, "చూడటానికి బాగుంటుంది సార్" అన్నాడు. నిజాయితీపరుడే!

అసలు తేల్చింది నా కంప్యూటర్ క్యాబినెట్. ముందువైపు హార్డ్ డిస్కుల అర అడ్డం. టేపుతో కొలిస్తే రెండు ఫ్యాన్ల పొట్టి కార్డుకే చోటుంది. ఆ కొలతకు సరిపోయినవాటిలో ఆ రోజు చవకగా దొరికింది ఇదే.

పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతున్నాయి. ఆడుతున్నప్పుడు వచ్చే శబ్దం సీలింగ్ ఫ్యాను హోరులో వినిపించదు. వారంటీకి అడుగుతారని బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను. పాత 550 వాట్ల పవర్ సప్లైయే సరిపోయింది. కొత్త పవర్ సప్లై కోసమని దాచిన డబ్బుతో ఎస్ఎస్‌డీ కొంటాను.